రెండు మేకుల మధ్య

పాత ఇనుము కొట్టువాడు చువ్వల గుట్ట మీద కూర్చుని పళ్ళు తోముకుంటూ ఇనపక్క రావడం చూశాడు. నోట్లో నురగ పక్కకు ఉమ్మేసి, "వచ్చావా అక్కా! నీ కోసమే ఒక ఆస్పత్రిని కూలగొట్టించాను" అన్నాడు.

"నువ్వు కూలగొట్టించావో, అదే కూలిందో. ముందు చువ్వలు చూపించు."

"ఆస్పత్రి ఇనుమక్కా. ఇన్నేళ్ళు మందుల వాసన పీల్చింది. గట్టిగా ఉంటుంది."

"మందులతో గట్టిపడేదైతే అది నీ కొట్టుకెందుకు వస్తుంది?"

కొట్టువాడు పకపకా నవ్వాడు. ఇనపక్క నవ్వలేదు. అయినా మాటకు మాట అప్పజెప్పింది కాబట్టి వాడికి అదే చాలు. ఈ మధ్య ఆమె దగ్గర ఆ మాత్రం కూడా రావడం లేదు.

ఆమె గుట్ట చుట్టూ తిరిగి ఒక్కో చువ్వా లాగి చూసింది. మీద పొడిలా పట్టిన ఎర్ర తుప్పు ఉంటే ఫరవాలేదు, భూమిలోకి పోయేదానికి అందంతో పనిలేదు. గోటితో గీకితే పొరలు లేచే తుప్పు ఉంటే మాత్రం పక్కకు విసిరేసింది. ఒకసారి వంగి సాపు చేసిన చువ్వను తీసుకుంది గానీ, అదే చోట రెండోసారి వంగినదాన్ని తీసుకోలేదు. సమ్మెట దెబ్బకు అది అక్కడే లొంగిపోతుంది. సిమెంటు పెళ్ళలు అంటుకున్నవాటిని నేలకేసి కొట్టి, ఆ మోత విని, బండి మీద పడేసింది.

"ఇంతేనా?" అన్నాడు కొట్టువాడు. "ఇదివరకు బండి ఇరుసు విరిగేటట్టు వేసుకెళ్ళేదానివి. రంపంతో కోస్తున్నావంట కదా. మిషన్ చెడిపోయిందా?"

"బాగానే ఉంది."

"మరి?"

"చేతులకు పనుండాలని."

వాడు ఇంకేదో అనబోయి ఆమె మొహం చూసి బ్రష్షు నోట్లో పెట్టుకున్నాడు.

ఇనపక్క చేసేది హద్దు పిన్నులు. సర్వేయర్లు స్థలం కొలిచి గుర్తు పెట్టినచోట భూమిలోకి దిగగొట్టే చువ్వ ముక్కలవి. దిగాక పైన ఎర్రటి ప్లాస్టిక్ టోపీ పెడతారు. పైన ఇల్లు మారవచ్చు, యజమాని మారవచ్చు, కింద పిన్ను మాత్రం కదలకూడదు. వీధిలో వాళ్ళు మొదట వేళాకోళానికి ఇనపక్క అన్నారు. తరవాత అదే పేరైపోయింది. ఆమె అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళలో తమ్ముడు కూడా లేడు. వాడికి ఆమె అక్క. అంతే.

ఆ పనిలోకి దింపింది తమ్ముడే. సర్వేయరు దగ్గర పిన్నులు దిగగొట్టే పనికి కుదిరిన కొత్తల్లో ఒక పెద్ద దుంగ తెచ్చి షెడ్డులో పడేసి, దాని మీద ఎడంగా రెండు మేకులు కొట్టాడు.

"ఈ మేకు దగ్గర చువ్వ మొదలు, ఆ మేకు దగ్గర ఆఖరు. మూరన్నర. మధ్యలో అంతా నీ రాజ్యం. కళ్ళు మూసుకుని కోసినా తప్పు రాదక్కా."

"కళ్ళు మూసుకుంటే వేళ్ళు తెగుతాయిరా."

"వేళ్ళు తెగితే పిన్నులు ఎవరు కోస్తారు? కళ్ళు తెరుచుకునే కొయ్యి."

అమ్మ పోయినప్పుడు వాడు ఇంకా చొక్కా గుండీలు తిన్నగా పెట్టుకోవడం రానివాడు. వాడిని పెంచడంలో ఆమె పెళ్ళి మాట వెనక్కి పోతూ పోతూ ఒకరోజు ఎవరికీ గుర్తు లేకుండా పోయింది. వాడు పెళ్ళి చేసుకున్నాక షెడ్డును ఆనుకుని ఉన్న గదిలో కాపురం పెట్టించింది. మధ్య గోడకు తలుపు ఉండేది. మరదలు కుట్టు మిషన్ మీద హోటళ్ళ దిండు గలీబులు కుట్టేది. షెడ్డులో చువ్వ కోసే చప్పుడు అటు, కుట్టు మిషన్ చప్పుడు ఇటు, మధ్యలో ఆ తలుపు గుండా మాటలు.

పిన్నుకు ఒక చివర ఏటవాలుగా కోస్తే చాలు, ఎలాగోలా దిగుతుంది. ఒకరోజు తమ్ముడు అరచేతులు చూపించాడు. బొబ్బలు చితికి ఉన్నాయి. "నేల రాయిలా ఉందక్కా. చేతులు పడిపోతున్నాయి. కాస్త మొన తియ్యవూ?" అన్నాడు. ఆ రోజు నుంచీ ఆమె ప్రతి పిన్నునూ సానరాయికి పెట్టి చుట్టూ తిప్పుతూ మొన తీసేది. ఎవరూ అడగని పని. మరదలు తలుపులో నిలబడి, "తమ్ముడికి పెన్సిళ్ళు చెక్కుతున్నావా వదినా? బడికి పంపుతావా ఏంటి?" అని నవ్వేది.

కిందటి వానలు వెలిశాక, కాలవ గట్టు మీద కొలతలు వేస్తున్నప్పుడు, తమ్ముడు దిగగొడుతున్న పిన్ను భూమిలో ఉన్న కరెంటు కేబులును తాకింది. ఇంటికి తెచ్చేసరికి చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. గుమ్మం ముందు జనం పోగయ్యారు. ఎలా జరిగిందని నలుగురూ మీదపడి అడుగుతుంటే సర్వేయరు నుదురు తుడుచుకుని, "పిన్నుకు మొన బాగా పదునుగా ఉందండీ. మామూలుదైతే కేబులు మీద పరిచిన ఇటుకల దగ్గరే ఆగిపోయేది. ఏం చేస్తాం" అన్నాడు.

మరదలు తల ఎత్తి ఇనపక్క వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపు తరవాత మాట లేదు. పెద్దకర్మ మర్నాడు గోడ అవతల బరువైనదేదో ఈడుస్తున్న చప్పుడైంది. బీరువాను తెచ్చి తలుపుకు అడ్డంగా పెట్టుకుంది. ఆఫీసువాళ్ళు తెచ్చిచ్చిన తమ్ముడి వస్తువుల్లో బూట్లూ చొక్కా ఉంచుకుని, సమ్మెటనూ ఆ పిన్నునూ కలిపి చుట్టిన గోనెపట్టా మూట మాత్రం తెచ్చి షెడ్డు ముందు పడేసి వెళ్ళింది. ఇనపక్క దాన్ని విప్పకుండానే అటక మీదికి తోసేసింది.

కటింగ్ మిషన్ చప్పుడు గోడ దాటి మరదలికి వినపడుతుందని ఆ రోజు నుంచీ దాని జోలికి పోలేదు. వైసు దవడల మధ్య చువ్వను బిగించి, చేతిరంపంతో కోయడం మొదలుపెట్టింది. పని పావువంతుకు పడిపోయింది. భుజాలు లాగేవి. ఆ లాగుడు ఆమెకు ఒక విధంగా బాగుండేది. మొన తియ్యడం మానేసింది. ఎప్పటికైనా మరదలు ఆ బీరువా జరుపుతుందా అన్నదొక్కటే ఆమెకు మిగిలిన ఆశ. దానికి తాను చెయ్యగలిగిందేమిటో తెలియలేదు. నా మొన వల్ల కాదు అని చెప్పడానికి, కాదో అవునో ఆమెకే తెలియదు.

ఆస్పత్రి చువ్వలు దించుకున్న రోజే సర్వేయరు వచ్చాడు. ఇన్నాళ్ళూ డ్రైవరు చేత కబురు పెట్టేవాడు. ఇప్పుడు తనే మోటారు సైకిలు ఆపి, హెల్మెట్టు చంకలో పెట్టుకుని, షెడ్డు గడప దగ్గర నిలబడ్డాడు.

"ఎలా ఉన్నావమ్మా?"

"చూస్తున్నారుగా."

"ఎండలు మండిపోతున్నాయి. నీ షెడ్డు నయం, చల్లగా ఉంది." రేకుల కింద షెడ్డు పొయ్యిలా ఉంది. ఆయన గొంతు సవరించుకున్నాడు. "కొండవాలున కొత్త ప్లాట్లు వేస్తున్నారు. నేల చూస్తే బండ. పిన్నులు కావాలి. మొన తీసినవే."

ఆమె రంపం ఆపింది. "మొన తీసినవా?"

"అవునమ్మా. నీ మొన లాంటిది ఇంకెక్కడా దొరకదు. బజారువాళ్ళ సరుకు చూశాంగా. కాలవ గట్టు పనంతా వాళ్ళ పొడుగు పిన్నులతోనే చేశామా, సగానికి సగం వంకర్లు తిరిగి..."

అక్కడ నాలుక కరుచుకున్నాడు. గోడ అవతల కుట్టు మిషన్ కాసేపు కటకటలాడి ఊరుకుంది.

"కాలవ గట్టు పనంతానా?" అంది ఇనపక్క.

"అంతా అంటే... చాలావరకు. గట్టు పైమట్టి వదులమ్మా. నీ మూరన్నర పిన్ను అందులో నిలబడదు."

"మా తమ్ముడు రోజూ పట్టుకెళ్ళినవి?"

"అవి ఊళ్ళో ప్లాట్లకు వాడాం. వృథా ఏం కాలేదు." ఆమెకు అదే బెంగ అనుకున్నట్టు చెప్పాడు.

"మరి ఆ రోజు మా గుమ్మంలో నిలబడి మొన అన్నారు."

సర్వేయరు హెల్మెట్టును ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. "అందరూ నా పీక మీద కూర్చున్నారమ్మా అప్పుడు. ఏదో ఒకటి చెప్పాలి కదా. నోటికొచ్చింది అనేశాను. నిజానికి అది ఎవరి తప్పూ కాదు."

"ఎవరి తప్పూ కానిది నా తప్పెలా అయింది?"

"నీ తప్పని నేననలేదే."

"కొట్టే ముందు కేబులు ఉందో లేదో యంత్రం పెట్టి చూస్తారని మా తమ్ముడు చెప్పేవాడు. చూశారా?"

"దానికి ఆ రోజు ఛార్జింగు లేదు. పొద్దుపోతోంది. కానిచ్చేద్దామన్నాను." మెల్లగా, "ఇప్పుడవన్నీ తవ్వుకుని ఏం లాభమమ్మా? పోయినవాడు రాడు కదా" అన్నాడు.

"మీరొచ్చారుగా."

ఆయన మొహం మాడ్చుకుని గడప దిగాడు. శనివారం వచ్చి సరుకు తీసుకుంటానని వీధిలోంచే చెప్పి, బండి ఎక్కాడు.

బండి చప్పుడు దూరమయ్యాక ఇనపక్క రంపం కింద పెట్టింది. తరవాత స్టూలు వేసుకుని అటక మీది మూట దించింది. గోనెపట్టా ముడి బిగుసుకుపోయింది. రంపం బ్లేడుతో తెంపింది. సమ్మెట కర్ర మీద అరచేతులు పట్టినచోట నల్లగా నునుపు తేలి ఉంది. దాన్ని పక్కన పెట్టి పిన్ను చేతిలోకి తీసుకుంది. కొన కరిగి, చల్లారి, ముద్ద కట్టింది. దానికి మొన ఉండేదో లేదో దాన్ని చూసి ఎవరూ చెప్పలేరు.

దుంగ దగ్గరికి తీసుకెళ్ళి, తల భాగాన్ని మొదటి మేకుకు ఆనించింది. కరిగిన కొన రెండో మేకును దాటి బయటికి వచ్చింది. కొంత కరిగిపోయాక కూడా జానెడు పైగా ఎక్కువుంది. ఇటు తిప్పి పెట్టింది. అటు తిప్పి పెట్టింది. తమ్ముడు కొట్టిన ఆ రెండు మేకుల మధ్య అది ఎలా పెట్టినా పట్టలేదు.

ఆమె దుంగ మీద చెయ్యి ఆనించి నిలబడింది. ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. దాని బదులు పరుగెత్తాలనిపించింది. తన పిన్ను ఒకటీ, ఆ పిన్నూ చేత పట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా, వీధి వైపు నుంచి మరదలి గుమ్మం దగ్గరికి వెళ్ళింది.

తలుపు తీసే ఉంది. మరదలు కుట్టు మిషన్ ముందు కూర్చుని ఉంది. చుట్టూ తెల్లటి దిండు గలీబులు గుట్టలుగా పడి ఉన్నాయి. కుట్టు ఆపలేదు.

ఇనపక్క రెండు పిన్నులనూ గడప మీద పక్కపక్కన పెట్టింది. దారిలో కూర్చుకున్న మాటలన్నీ అక్కడికి వచ్చేసరికి చెదిరిపోయాయి. "చూడు. ఇది నాది. అది నాది కాదు. ఒక్కసారి చూడు. నా పిన్ను ఆ లోతుకు అందదు. నేను కోసింది కాదు అది."

మరదలు అంచు చివరి దాకా కుట్టి, దారం కొరికి, గలీబు మడిచి పక్కన పెట్టింది.

"తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"నీది కాదని. పొడుగు పిన్నులు బజారు నుంచి వస్తున్నాయని మీ తమ్ముడు చెప్పాడు. అక్కకు చెప్పకు, చిన్నబుచ్చుకుంటుంది అన్నాడు."

ఇనపక్క గడప మీదే కూర్చుంది. "తెలిసీ ఇన్నాళ్ళూ నాతో..."

"మరేం చెయ్యమంటావు? ఆఫీసుకెళ్ళి సర్వేయర్ని తిట్టాను. నీకు తెలీదు. కుర్చీ వేశారు, మంచినీళ్ళిచ్చారు, ఫ్యాను నా వైపు తిప్పారు. నేను గొంతు చించుకుంటుంటే పక్కన ఒకాయన సెల్‌ఫోను చూసుకుంటున్నాడు. ఏ మాటా వాళ్ళకు తగల్లేదు. చెమట తుడుచుకుని వచ్చేశాను." ఇంకో గలీబు తీసుకుంది, కానీ మిషన్ కింద పెట్టలేదు. "నీకైతే తగులుతుంది. నేను మాట్లాడకపోతే నీకు ముద్ద దిగదు. గోడ అవతలే ఉంటావు, ఎక్కడికీ పోవు. నాకు దిగనప్పుడు ఇంకెవరికైనా దిగకూడదు కదా వదినా."

వదినా అన్న మాట అన్నిరోజుల తరవాత వినపడింది. అందుకు సంతోషించాలో, ముందు మాటలకు కుమిలిపోవాలో ఇనపక్కకు తెలియలేదు. ఆమె తన పిన్ను మొదలు నుంచి కొన దాకా వేలితో రాస్తూ కూర్చుంది.

"నాకు మాత్రం వాడు తమ్ముడు కాదా?" అంది చివరికి.

"అవును. అందుకే నీకు తగిలింది."

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. మరదలు మిషన్ చక్రం మీద చెయ్యి వేసి, "ఇంకో మాట. ఆ రంపం మానెయ్" అంది.

"మిషన్ చప్పుడు నీకు..."

"మిషన్ ఒక్క అరుపు అరిచి ఊరుకుంటుంది. రంపం అలా కాదు. పొద్దస్తమానం గరగరమని. ఒక్కో చువ్వా ఎప్పుడు తెగుతుందా అని కుట్టు ఆపుకుని కూర్చుంటాను. తెగిందనుకుంటే మళ్ళీ ఇంకోటి మొదలుపెడతావు. వానల నుంచీ అదే."

"నీ కోసమే కదే రంపం పట్టుకున్నాను."

"తెలుసు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"నీ చేతులు నొప్పెట్టాలని" అంది మరదలు. ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతులో కోపం లేదు, అది పాతబడి అరిగిపోయింది. ఇనపక్క తన అరచేతులు చూసుకుంది. రంపం పిడి పట్టినచోట బొబ్బలు చితికి, మానుతూ, మళ్ళీ చితికి ఉన్నాయి. వాటిని ఎక్కడ చూసిందో గుర్తొచ్చి, గుప్పిళ్ళు మూసింది.

"ఆ బీరువా..." అంది లేస్తూ.

"ఇప్పుడు కాదు."

"ఎప్పుడు?"

"నాకు తెలిస్తే చెప్తాను. ఇవి రెండూ పట్టుకెళ్ళు. ఇక్కడ పెట్టకు."

ఇనపక్క రెండూ తీసుకుని వచ్చేసింది. పొడుగుదాన్ని మళ్ళీ మూట కట్టలేదు. సమ్మెట పక్కన గోడకు ఆనించింది. తరవాత కటింగ్ మిషన్ మీద కప్పిన గుడ్డ దులిపింది. బొత్తాం నొక్కగానే షెడ్డంతా హోరెత్తింది. మొదటి చువ్వ తెగి, ముక్క కింద పడి, నిప్పురవ్వలు ఆరిపోయే దాకా ఆమె ఊపిరి బిగబట్టుకునే ఉంది. గోడ అవతల ఏ అలికిడీ లేదు. కాసేపటికి కుట్టు మిషన్ ఎప్పటిలాగే కటకటమంది.

శనివారం సర్వేయరు వచ్చేసరికి పిన్నులు కట్టలు కట్టి సిద్ధంగా ఉన్నాయి. ఆయన ఒకటి లాగి, కొన చూసి, బొటనవేలితో నొక్కి చూశాడు.

"మొన లేదేంటమ్మా? ఏటవాలుగా కోసి ఊరుకున్నావు."

"అందరికీ ఇచ్చేవి అవేనండీ."

"మొన తీసినవి కావాలని చెప్పాను కదా. బండ నేల, కొట్టేవాళ్ళ చేతులు పడిపోతాయి."

"మొన తీసింది మా తమ్ముడి చేతుల కోసం. మీ నేల కోసం కాదు."

కుట్టు మిషన్ ఆగింది. సర్వేయరు గోడ వైపు చూసి, "కాస్త మెల్లగా మాట్లాడమ్మా" అన్నాడు.

"ఇక్కడ మెల్లగా మాట్లాడితే వినపడదండీ. ఆ రోజు గుమ్మంలో మీరు గట్టిగానే చెప్పారు, అందరూ విన్నారు. కాలవ గట్టు మీద కొట్టింది నా పిన్ను కాదని కూడా అంత గట్టిగా చెప్పండి. ఆ గోడకు చెప్పండి చాలు."

ఆ మాట వల్ల గోడ అవతల కొత్తగా తెలిసేదేమీ లేదని ఆమెకు తెలుసు. అయినా ఆయన నోట వినాలనిపించింది.

సర్వేయరు హెల్మెట్టు లోపలి పట్టీ సవరించుకుంటూ, దానిలోకే చెబుతున్నట్టు, "నీది కాదులేమ్మా" అన్నాడు. కట్టలు రెండు చేతులా ఎత్తుకుని వెళ్ళిపోయాడు. ఆ మాట గోడ దాకా వెళ్ళి ఉండదు.

ఇనపక్క గోడకేసి చెవి పెట్టి నిలబడింది. బీరువా కదల్లేదు. కుట్టు మిషన్ కూడా మొదలు కాలేదు. అటు నుంచి ఎవరో తనలాగే నిలబడి వింటున్నట్టుంది.

దుంగ దగ్గరికి వచ్చి, తరవాతి చువ్వను మేకుకు ఆనించి, రెండో మేకు దగ్గర గీత పెట్టి, మిషన్ బొత్తాం నొక్కింది. అది ఒక్క అరుపు అరిచి ఊరుకుంది.